వెల్లుల్లి వెయ్యని చిన్న సీసా

ఈ వేసవిలో నా కుడి భుజం పైకి లేవనని మొండికేసింది. డెబ్బై ఎనిమిదేళ్లు నాతోపాటు చాకిరీ చేసిన భుజం, దానికీ విసుగొచ్చి ఉంటుంది, తప్పు పట్టను. కానీ అది మొండికెయ్యడానికి ఎంచుకున్న రోజు చూడండి, సరిగ్గా ఆవకాయ కలిపే రోజు. ముక్కలు తుడిచి గుడ్డ మీద ఆరబెట్టి ఉన్నాయి, కారం, ఆవపిండి, ఉప్పు కొలిచి బేసిన్లో పోసి ఉన్నాయి, నూనె గిన్నె పక్కనే ఉంది, మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి అడుగునుంచి కలపడమే తరువాయి. గుంటూరులో ఉద్యోగం చేసుకుంటూ నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చిన మా మనవరాలు ఎదురుగా పీట మీద కూర్చుని ఉంటే, నువ్వు కలుపు తల్లీ, నేను పక్కనుండి చెబుతాను అన్నాను. అది చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుంది. ముక్కు అమ్మ పోలిక అని చెప్పినంత తేలిగ్గా, నవ్వుతూనే చెప్పింది.

"వద్దు నాయనమ్మా. నాది అమ్మ చెయ్యి. పచ్చడికి అచ్చిరాదు."

ఎవరు చెప్పారే నీకా మాట అని అడగవలసిన పని లేదు నాకు. చుట్టాలు అనుంటారు, వీధిలో వాళ్లు అనుంటారు, ఎవరన్నా సరే, ఆ మాట ఈ ఇంట్లో పుట్టించింది నేను. నేను పెట్టిన జాడీల్లో రెండేళ్లు నిలిచింది ఒక్కటీ లేదు గానీ, నేను అన్న ఈ మాట మాత్రం పాతికేళ్లు బూజు పట్టకుండా నిలిచింది. ఆ రోజు ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని నేనే ఎలాగో కలిపాను. కలుపుతున్నంతసేపూ ఆ పిల్ల చేతులు వీపు వెనకే ఉన్నాయి.

నేను బడికి వెళ్లింది నాలుగో తరగతి దాకా. అక్షరాలు వచ్చు, అందంగా పేర్చడం రాదు. అయినా ఇది నోటితో చెబితే నాకు అనుకూలంగా ఎక్కడో ఒకచోట తిప్పుకుంటానేమోనని భయమేసి కాగితం మీద పెడుతున్నాను. నా ఈడు ఆడవాళ్లు చదివితే చాలు, వాళ్లకి అర్థమవుతుంది.

మాది పర్చూరు దగ్గర నల్లరేగడి ఊరు. పత్తి, మిరప తప్ప ఆ నేలకు వేరే పంట తెలియదన్నట్టు ఉండేది. మిరప కల్లం ముగిసి, మా కాయల్లోనే రంగున్నవి ఏరి కారం కొట్టించుకునేసరికి మామిడికాయలు దిగేవి. ఉప్పు చినగంజాం కొటార్ల నుంచి వచ్చేది, కళ్లు ఉప్పు, దాన్ని డాబా మీద మూడెండలు ఎండబెట్టి దంచుకునేవాళ్లం. అప్పట్లో పచ్చడంటే జిహ్వ కోసం నంజుకునేది కాదండీ, ఇంటికి అది ఏడాది కూర. మా ఇంటిల్లిపాదికీ, కలుపు తీతకొచ్చే పదిమంది ఆడవాళ్ల మధ్యాహ్నపు అన్నంలోకీ, నర్సరావుపేటలో ఉన్న మా అమ్మాయి ఇంటికీ, అన్నిటికీ ఆ జాడీలే దిక్కు. ఒక జాడీ చెడితే ఏడాదిలో రెండు నెలలు చెడినట్టే. అందుకే జాడీల గది తాళం నా బొడ్లో ఉండేది. తలస్నానం చేసి, తుడుచుకుని, ఆరిన చేత్తో తప్ప నేనైనా మూత తీసేదాన్ని కాదు.

పొదుపు నాకు పుట్టుకతో వచ్చింది. పత్తి బోరాలు కుట్టిన పురికొసని ముడి విప్పి, చుట్టి దాచి, జాడీల మూతికి వాసెన గుడ్డ కట్టడానికి వాడేదాన్ని. కోడలు అగ్గిపుల్ల ఇంకోటి గీస్తే వినపడేది నాకు, పెరట్లో ఉన్నా. మంచిదాన్నని చెప్పను. ఇల్లు గడిచింది, అంతే.

తొంభైలు ముగుస్తున్న రోజుల్లో మా అబ్బాయి పెళ్లయింది. కోడలిది ఒంగోలు. టౌనులో పెరిగిన పిల్ల, సన్నగా పొడుగ్గా ఉండేది, చేతివేళ్లు ఇంకా పొడుగు, మాట నెమ్మది, నవ్వు మాత్రం త్వరగా వచ్చేది. ఆ పిల్ల మా ఇంట్లో చూసిన మొదటి ఆవకాయ నాడు నూనె బాగా పిరం. జాడీ పైన నాలుగు వేళ్ల మందాన నూనె తేలాలి కదా, నేను కొన్నది చాలలేదు. పోయినేటి జాడీ ఖాళీ చేసినప్పుడు మీద తేలిన నూనె వంపి ఓ సీసాలో దాచి ఉంచాను, పారబొయ్యబుద్ధి కాక. పెద్ద జాడీ మీద సగం, మా అమ్మాయికి పంపే చిన్న జాడీ మీద సగం, ఆ పాత నూనె పోసి సరిపెట్టాను. ఎంత ఆదా చేశానో అని ఆ సాయంత్రం లోపల్లోపల మురిసిపోయాను కూడా. మూడోనాడు తిరగ కలిపాక చిన్న జాడీని మా అల్లుడు బస్సులో పట్టుకెళ్లాడు.

ఆ తర్వాత పది రోజులకి, నేను చేలో ఉండగా, మా ఇంటాయన కోసం ఎవరో చుట్టాలు వచ్చారు. తాళం ఆ రోజు గూట్లో మర్చిపోయి వెళ్లాను. కోడలు వాళ్లకి అన్నం పెడుతూ జాడీ తీసి ఆవకాయ వడ్డించింది. నేను ఇంటికొచ్చాక తనే చెప్పింది, దాచలేదు. సరే అన్నాను. ఆషాఢం వచ్చింది, పుట్టింటికెళ్లింది, శ్రావణంలో తిరిగొచ్చింది. వచ్చి వారం కాలేదు, కలుపు తీసేవాళ్లకి పచ్చడి పెడదామని నేను వాసెన విప్పేసరికి జాడీ మూతి నిండా తెల్లగా, దూదిపింజలు పరిచినట్టు బూజు. గరిటెతో తోసి చూస్తే లోపల జానెడు లోతు దాకా ముక్క మెత్తబడి వాసన వేస్తోంది. చుట్టూ పదిమంది ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో ఒకావిడ, కొత్త చెయ్యి ఏమన్నా పడిందా అమ్మా అంది. నేను వంటింటి గుమ్మంలో ఉన్న కోడలి వైపు తిరిగాను.

"నీ చెయ్యి పచ్చడికి అచ్చిరాదే అమ్మాయ్. ఇంకెప్పుడూ జాడీల జోలికి రాకు."

తను ఒక్క మాటే అంది, అదీ చాలా మెల్లిగా.

"పొడి చెయ్యే అత్తయ్యా."

ఆ పచ్చడి దిబ్బ మీద పారబోస్తుంటే నాకు కడుపు మండిపోయింది, పచ్చడి కోసం. పిల్ల కోసం కాదు.

వినాయకచవితికి మా అమ్మాయి వచ్చింది. పొయ్యి దగ్గర ఉండ్రాళ్లు చేస్తూ, అమ్మా, నువ్వు పంపిన జాడీకి కూడా బూజు పట్టిందే, నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు అంది. మీ ఇంట్లో ఎవరు చెయ్యి పెట్టారే అన్నాను. నేను తప్ప ఎవరు పెడతారు, అయినా నేను మూత తీసేసరికే పట్టి ఉంది అంది. ఆ జాడీ ఇల్లు దాటి వెళ్లాకే కదా కోడలు ఇక్కడి జాడీ ముట్టుకుంది. రెండు జాడీలకీ ఉమ్మడిగా తగిలింది ఒక్కటే, నేను దాచిపెట్టిన పాత నూనె. ఆ సీసా వెతికి చూస్తే అడుగున నీటి చుక్కలు, వాటి మీద సన్నటి తెట్టు. ఎవరూ చూడకుండా దాన్ని తోమి పెట్టేశాను. మా అమ్మాయితో, ఈ సంగతి ఇక్కడ ఎవరితోనూ అనకు అని గట్టిగా చెప్పాను. ఎందుకు అని అది అడగలేదు. నా కూతురే కదా, దానికి తెలుసు, అత్త అన్నాక పదిమందిలో అన్న మాట వెనక్కి తీసుకోదని.

ఆ రోజే కోడల్ని పిలిచి చెప్పి ఉంటే ఒక్క నిమిషం పని. చెప్పలేదు. ఈవేళ కాదు రేపు, రేపు కాదు పండగయ్యాక అనుకున్నాను. మాటను కూడా సరుకులాగా దాచిపెట్టుకునే మనిషిని నేను.

రెండేళ్లకి మనవరాలు పుట్టింది, ఆ ఏడే మిరప బాగా పండి మా అబ్బాయి ఫ్రిజ్ కొన్నాడు. లేత నీలం రంగుది, ఒంటి తలుపుది, చిలకలూరిపేట నుంచి ట్రాక్టర్ తొట్టిలో పత్తి బోరాల నడుమ ఆనించి తెచ్చారు. మా ఊళ్లో కరెంటు వచ్చిపోయే చుట్టం లాంటిది, ఐసు పెట్టె ఎందుకురా అని నేను సణిగాను. నాలుగు నెలలు అందులో మజ్జిగా, దోస గింజల పొట్లాలూ తప్ప ఏమీ పెట్టనివ్వలేదు. తర్వాత ఒకరోజు తలుపు తీస్తే కాఫీపొడి సీసాలో ఎర్రగా ఏదో ఉంది. కాలీఫ్లవర్ ఆవకాయ.

అది మా కోడలి సొంత విద్య. పువ్వును చిన్న చిన్న రెమ్మలుగా విరిచి, పసుపూ ఉప్పూ వేసిన వేడినీళ్లలో ముంచి తీసి, గుడ్డ మీద ఫ్యాను కింద తడి పోయేదాకా ఆరబెట్టేది. నూనె గోరువెచ్చగా కాచి, ఇంగువ వేసి, చల్లార్చి, అందులో కారం, ఆవపిండి, ఉప్పు, దంచిన వెల్లుల్లి కలిపి, ముక్కలు పొర్లించి, ఆఖర్న నిమ్మకాయ పిండి సీసాకెత్తేది. ఓ రాత్రి ఫ్రిజ్‌లో ఉంటే మర్నాటికి తినొచ్చు. వారం, మహా అయితే పది రోజులు, అంతే దాని ఆయుష్షు. ఎండతో పనిలేదు, వాసెనతో పనిలేదు, జాడీల గది తాళంతో అసలే పనిలేదు. క్యారెట్, దొండకాయ, దోసకాయ, ముల్లంగి, ఏ కూరగాయ చేతికొస్తే దానితో పెట్టేది. కరెంటు పోయిన రోజుల్లో సీసాలకి తడిగుడ్డ చుట్టి కుండ పక్కన నిలబెట్టేది, పసిపిల్లల్ని చూసుకున్నట్టు.

నేను ఊరుకునేదాన్నా. ఐసు పెట్టెలో పడుకోబెడితే గానీ బతకని పచ్చడేమిటి, పచ్చడంటే ఏడాది నిలవాలి, వారానికి పోయేదాన్ని పచ్చడనకు, కూర అను అనేదాన్ని. తను నవ్వేది. కూరైతే మామయ్యగారు మూడు పూటలా అడగరు కదండీ అనేది ఓసారి. నిజమే, మా ఇంటాయనకి రక్తపోటని ఆవకాయ తగ్గించమన్నాడు డాక్టరు, కోడలి సీసా పచ్చట్లో ఉప్పు తక్కువ కాబట్టి దానికి అభ్యంతరం లేదని ఆయనే తీర్పు చెప్పుకుని, నేను చేలోకి వెళ్లడం చూసి అన్నంలో కలుపుకునేవాడు. మీసానికి అంటిన ఎరుపే నాకు సాక్ష్యం.

ఇక నా సంగతి చెబుతాను, ఇది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. పెరుగన్నం కలుపుకుని, ఏమిటో దీని గొప్ప చూద్దామని దోసకాయ సీసా తీసి నాలుగు ముక్కలు వేసుకున్నాను. చల్లగా, కరకరలాడుతూ, పులుపు ముందూ కారం వెనకా నాలుక మీద నడిచొచ్చాయండీ. ఇంకో నాలుగు వేసుకున్నాను. తర్వాత సీసాలో పైభాగం చెంచాతో చదును చేసి, అంచులు తుడిచి, ఎలా ఉన్నది అలా పెట్టేశాను. అలా ఎన్నిసార్లు చేశానో. శనివారం మాత్రం ముట్టుకునేదాన్ని కాదు, ఆ రోజు నేను వెల్లుల్లి తినను, మా ఇంట్లో ఆ పట్టింపు ఉన్నది నా ఒక్కదానికే.

కొన్నాళ్లకి ఫ్రిజ్ తలుపు అరలో, పై వరసలో, నేను వంగకుండా చెయ్యి అందే చోట ఓ చిన్న సీసా కొత్తగా కనిపించింది. దోసకాయ. మూత తీసి వాసన చూశాను. వెల్లుల్లి లేదు. చెంచాతో అడుగుదాకా కెలికి చూశాను, ఒక్క రెబ్బ లేదు. అప్పటికి గానీ నాకు తెలియలేదు, నేను చదును చేసి పెట్టిన సీసాలన్నీ ఆ పిల్ల చూస్తూనే ఉందని. ఇది మీకండీ అని తను చెప్పలేదు. తింటున్నాను అని నేను చెప్పలేదు. ఆ సీసా ఖాళీ అయినప్పుడల్లా మళ్లీ నిండేది, అంతే. ఆరేళ్లపాటు అలా నిండింది. ఆ ఆరేళ్లలోనూ ప్రతి వేసవిలో నేను జాడీలు కలుపుతుంటే తను గుమ్మం అవతల నిలబడి, కావలసినవి అక్కడినుంచే నేల మీద పెట్టి లోపలికి జరిపేది. రా అని నేను అనలేదు. చుట్టుపక్కల ఆడవాళ్లు, మీ కోడలు కలపదా అంటే, దాని చెయ్యి అచ్చిరాదులే అనేదాన్ని. తెలిసీ అనేదాన్ని. అప్పుడు మనవరాలు తల్లి కొంగు పట్టుకుని అక్కడే ఉండేది, ఆ పిల్లకి చెవులున్నాయని నాకు తోచలేదు.

మనవరాలికి ఏడో ఏడు నడుస్తున్న వేసవిలో కోడలికి జ్వరం పట్టుకుంది. నీరసంగా ఉందంటూనే ముందురోజు సీసాలు పెట్టింది. రెండోనాటికి కళ్లు పచ్చబడ్డాయి. కారు మాట్లాడి గుంటూరు పెద్దాసుపత్రికి బయల్దేరుతూ, చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి, ఫ్రిజ్‌లోవి పది రోజుల్లోపల అయిపోవాలి అత్తయ్యా అంది. ముందు నీ ఒళ్లు చూసుకో అన్నాను నేను, కసిరినట్టే. మంచి మాట కూడా కసిరినట్టే వచ్చేది నాకు.

ఐదోరోజున చూడ్డానికి వెళ్లాను. మంచం మీద సగానికి సగం అయిపోయింది. పిల్లకి జడలెవరు వేస్తున్నారని అడిగింది, మామయ్యగారు మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగింది. అప్పుడే మా ఇంట్లో ఆవకాయలు కలిపిన రోజులు. మూడోనాడు తిరగ కలిపారా అంది. కలిపానన్నాను. తను నవ్వింది, ఎత్తిపొడుపు కాదండీ, మామూలుగా మా ఇంట్లో వేళాకోళం చేసుకున్నట్టే.

"ఈ ఏడు మీ జాడీలకి భయం లేదు అత్తయ్యా. నేను ఇంట్లోనే లేనుగా."

నాలుక చివరి దాకా వచ్చింది. నీ చెయ్యి కాదు తల్లీ, నా నూనె అని మూడు ముక్కలు. కానీ మంచం అవతలి వైపు వాళ్లమ్మ కూర్చుని ఉంది. వియ్యపురాలి ముందు, నీ కూతుర్ని ఎనిమిదేళ్లు అబద్ధపు నిందతో కూర్చోబెట్టానని ఎలా చెప్పడం. ఇంటికి రానీ, వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు చెబుదాం, ఈసారి తప్పకుండా చెబుదాం అనుకున్నాను.

"ఎక్కువ మాట్లాడకు, ఆయాసం వస్తుంది" అన్నాను.

అదే నేను ఆ పిల్లతో అన్న ఆఖరి మాట.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. మా ఇంటాయన ఎత్తాడు, విన్నాడు, పెట్టకుండానే కుర్చీలో కూలబడ్డాడు. ఆయన మొహం చూసి నాకు తెలిసింది. అప్పుడు నేను ఏం చేశానో రాస్తాను, రాయడానికే కూర్చున్నాను కాబట్టి. చావు తగిలిన ఇంట్లో పచ్చళ్లకి మైల అంటుతుందని, అవి పారబొయ్యాల్సిందేనని మా వైపు ఆచారం. శవం గుమ్మానికి రాకముందే బయటికి చేరవేస్తే దక్కుతాయి. దాయాదుల ఇల్లయితే వాళ్లకీ మైలే, అందుకని వేరే ఇంటిపేరు వాళ్ల ఇంటికి చేర్చాలి. నేను ఏడవలేదు. బొడ్లో తాళం తీసి, గది తెరిచి, వీధిలో ఇద్దరు ఆడవాళ్లని కేకేసి, ఎదురింటి మాస్టారి గారింట్లోకి జాడీలు చేర్పించాను. ఆవకాయ, మాగాయ, చింతకాయ, పండుమిరప, ఒక్కటి వదల్లేదు. వాసెన జారకుండా చూడండి అని కూడా చెప్పాను. ఆఖరి జాడీ గుమ్మం దాటాక, ఖాళీ గదిలో నేల మీద జాడీ అడుగుల గుండ్రటి గుర్తులు చూశాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఫ్రిజ్ సంగతి నాకు గుర్తే రాలేదు. పచ్చళ్లంటే నా మనసుకి ఇంకా జాడీలే.

పదోరోజున ఇల్లు కడిగారు. బంధువుల ఆడవాళ్లు ఫ్రిజ్ తెరిచి అందులోవన్నీ తీసేస్తున్నట్టు పెరట్లో నాకు గాజు చప్పుడు వినబడింది. లేచి వెళ్లేసరికి సీసాలు కడిగి అరుగు మీద బోర్లించేశారు. దిబ్బ మీద కాలీఫ్లవర్ రెమ్మలు, క్యారెట్ ముక్కలు, వాటి పక్కన వేరుగా, చిన్న కుప్పగా, దోసకాయ ముక్కలు. ఒక్క వెల్లుల్లి రెబ్బ లేదు వాటిలో. ఒంట్లో జ్వరం పెట్టుకుని, నిలబడలేక, నా శనివారం కోసం విడిగా కలిపిన పచ్చడి. ఆ రోజుల్లో అన్నం సయించక ముట్టుకోలేదు నేను. అప్పటికే ఓ కోడి వచ్చి గీరుతోంది. జాడీలన్నీ దక్కించుకున్నదాన్ని, అరచేతిలో పట్టే ఆ సీసాని దక్కించుకోలేకపోయాను.

పన్నెండో రోజు తర్వాత జాడీలు ఇంటికొచ్చాయి. ఆ ఏడు కుదిరినంత బాగా ఆవకాయ నా జన్మలో ఎప్పుడూ కుదరలేదు. తిన్నవాళ్లంతా మెచ్చుకున్నారు. నేను మాత్రం ఒక్క ముక్క వేసుకోలేదు.

పిల్ల బెంగపెట్టుకుని సరిగ్గా తినకపోతే, దానికోసమని సీసా పచ్చడి నేనే పెట్టాను. మిరపకాయలు ఏరుతున్నట్టు నటిస్తూ కోడలు చేసేదంతా ఓరకంట చూసినదాన్నే, దేని తర్వాత ఏది వేసేదో అంతా తెలుసు నాకు. అయినా అది రాలేదు. నిమ్మకాయ తేడానో, నూనె వేడి తేడానో. పిల్ల ఒక ముక్క నోట్లో వేసుకుని, నములుతూ నా మొహం చూసి, బాగుంది నాయనమ్మా అని సీసాకి మూత పెట్టేసింది. మళ్లీ తీయలేదు. ఏడేళ్ల పిల్ల నన్ను నొప్పించకూడదని అబద్ధమాడింది. వాళ్లమ్మ కూతురు. రెండుసార్లు, మూడుసార్లు చూసి మానేశాను. ఆ పచ్చడి నా చేతికి అచ్చిరాలేదు.

మా అబ్బాయి మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మా ఇంటాయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆ నీలం ఫ్రిజ్ కూడా పాతసామాన్ల బండి ఎక్కి వెళ్లిపోయింది. ఇన్ని పోయినా ఆ పాత నూనె మాట మాత్రం నా నోటినుంచి బయటికి రాలేదు, మొన్న వేసవిలో మనవరాలు చేతులు వెనక్కి పెట్టుకునేదాకా.

మూడోనాడు జాడీ తిరగ కలపాలి. పొద్దున్నే ఆ పిల్లని కూర్చోబెట్టి చెప్పాను. పాత నూనె చెప్పాను, నర్సరావుపేట జాడీ చెప్పాను, ఆసుపత్రి చెప్పాను. అది నా వైపు చూడకుండా వింది. అమ్మకి తెలుసా అంది. తెలియదన్నాను.

"ఒక్క మాట అనుంటే నీదేం పోయేది నాయనమ్మా?"

ఏం పోయేదో నాకిప్పటికీ తెలియదు. అదే చెప్పాను. అది లేచి పెరట్లోకి వెళ్లి పంపు గట్టు మీద కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. నేనూ తినలేదు. పొద్దు వాలుతుండగా లోపలికి వచ్చింది. చేతులు కడుక్కుంది, తువ్వాలుతో తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది, అరచేతులు ఫ్యాను కింద పట్టి ఆరేదాకా నిలబడింది. తర్వాత జాడీ ముందు కూర్చుని మోచేతి దాకా చెయ్యి దించింది. అవే పొడుగు వేళ్లు. అడుగునుంచి పైకి, పైనుంచి అడుక్కి, ఎన్నాళ్లనుంచో తెలిసినట్టే తిప్పింది. నేను పక్కనుండి చెప్పవలసిన పని పడలేదు. మధ్యలో ఏడుపొచ్చింది దానికి. జాడీలో తడి పడకూడదని మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చింది, చెయ్యి మాత్రం ఆపలేదు.

ఇప్పుడు కార్తీకం. వారానికోసారి వాసెన విప్పి చూస్తున్నాను. నూనె అద్దంలా తేరి ఉంది, చుక్క బూజు లేదు. ఈ రోజుల్లో ఎవరింట్లో చూసినా ఫ్రిజ్ నిండా చిన్న చిన్న సీసాలే, ఏ వారానికి ఆ వారం పెట్టుకుని తినేవే. నన్ను చూసి జాడీలు దాచుకున్నవాళ్లు ఈ వీధిలో ఒక్కరూ మిగల్లేదు. మా కోడలు ముందే పుట్టిందంతే. చెయ్యి మంచిదనీ, అచ్చిరాదనీ అనుకునే మాటలు కూడా జాడీలతోపాటే పోయాయి, పోవలసినవే, కానీ నాకు ఇప్పుడు ఆ మంచి చెయ్యి అన్న మాట ఎవరితోనైనా అనాలని ఉంది. ఇంటికొచ్చిన వాళ్లకి పెరుగన్నంలోకి ఓ ముక్క వేసి ఎదురు చూస్తుంటాను, బాగుంది, ఎవరు కలిపారని అడుగుతారేమోనని. అడిగితే, మా కోడలి చెయ్యి అని చెబుతున్నాను. అడిగేవాళ్లే తక్కువైపోయారు.